ఒక్క జతతో కొండంతా

మార్చి మొదటి వారానికల్లా మా వర్క్‌షాపు గోడ పక్కన స్కీలు రెండు వరుసలు కట్టి నిలబడతాయి. వచ్చే చలికాలానికి కంపెనీలు అమ్మబోయే మోడళ్ళు అప్పటికి మా చేతికొస్తాయి. వాటిని బెంచి మీద కొలిచి, కొండ మీద వేసుకుని దిగి, ఏది తెప్పించాలో, ఏ పొడవుల్లో ఎన్ని జతలు తెప్పించాలో మేం చెప్పాలి. ఆ సరుకు మంచు కాలం మళ్ళీ మొదలయ్యే ముందు దుకాణంలో దిగుతుంది.

నేను పనిచేసేది కొలరాడోలోని సమ్మిట్ కౌంటీలో, ఫ్రిస్కో ఊళ్ళో. డెన్వర్ నుంచి ఐ-70 రహదారి పట్టుకుని పడమటి కొండల్లోకి వస్తే, ఐసెన్‌హవర్ సొరంగం దాటాక కాసేపటికి వస్తుంది. బ్రెకెన్‌రిడ్జ్, కాపర్ మౌంటెన్, కీస్టోన్, అరాపహో బేసిన్, అన్నీ చుట్టుపక్కలే. మెకానికల్ ఇంజినీరింగ్ చదువుకుని ఈ దేశం వచ్చినవాణ్ణి. చెక్క, గాజుపీచు, ఉక్కు, ప్లాస్టిక్ ఒకదానికొకటి అతుక్కుని ఒకే వస్తువుగా వంగి మళ్ళీ లేవడం చూశాక, ఈ పని వదిలి ఇంకో పనికి వెళ్ళాలనిపించలేదు.

మా కౌంటర్ దగ్గర అందరికంటే ఎక్కువమంది అడిగేది ఒక్కటే: పార్కులో ఎగరడానికీ, మిగతా కొండంతా తిరగడానికీ ఒకే జత ఏదైనా ఉందా అని. పార్కంటే జంపులు, ఇనుప రెయిళ్ళు, పెట్టెలు కట్టి ఉంచిన వాలు. మిగతా కొండంటే పొద్దున యంత్రం దువ్విన నున్నటి దారులు, దిమ్మలు దిమ్మలుగా గట్టిపడ్డ మొగల్స్, చెట్ల మధ్య మెత్తటి మంచు, మధ్యాహ్నానికి అందరూ తొక్కి చిందరవందర చేసిన మంచు. ఈ రెండిటికీ సరిపడేలా చేశామంటూ వచ్చేవే నడుము 92 నుంచి 102 మిల్లీమీటర్ల మధ్య ఉండే ట్విన్-టిప్ స్కీలు. ముక్కు ఎలా పైకి లేచి ఉంటుందో తోక కూడా అలాగే లేచి ఉంటుంది, వెనక్కి తిరిగి కూడా జారొచ్చు, దాన్నే స్విచ్ అంటారు.

ఇలాంటి స్కీ గురించి 'అన్నిటికీ బాగుంటుంది' అని రాసేస్తే కొనేవాడికి ఏ ఉపయోగమూ లేదు. రెండు పనులు చేసే స్కీ రెండిట్లోనూ కొంత వదులుకుంటుంది. ఏది వదులుకుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఎత్తేసే ముందు కాళ్ళకి కబురు పంపుతుందా లేదా, నేను వెతికేది ఇవే. కబురు పంపి జారిపోయే స్కీ మీద పిల్లలు నేర్చుకుంటారు. కబురు లేకుండా జారిపోయే దాని మీద మోకాళ్ళు పోగొట్టుకుంటారు. పదహారేళ్ళ పిల్లవాడి కాలికి నా చేత్తో బైండింగు బిగించి పంపేవాణ్ణి కాబట్టి, ఈ తేడా దగ్గర నేను మొహమాటపడను.

ఈ ఆకారం ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని ఎలా పరీక్షించాలో కూడా తెలుస్తుంది. తోక లేపిన స్కీలు 1970లలోనే ఉన్నాయి, ఓలిన్ మార్క్ 4 అలాంటిదే. అయితే అది అప్పట్లో జనంలోకి పాకలేదు. 1990లలో స్నోబోర్డు కుర్రాళ్ళు పార్కుల్లో చేస్తున్న విన్యాసాలు చూసి స్కీ కుర్రాళ్ళకి చేతులు కాళ్ళు ఆగలేదు. ఆనాటి మొగల్స్ పోటీల్లో తలకిందులయ్యే విన్యాసాలు నిషిద్ధం. ఆ కట్టుబాట్లు నచ్చని కెనడా కుర్రాళ్ళు కొందరు బ్లాక్‌కోంబ్ హిమానీనదం మీద వేసవి శిబిరాల్లో స్నోబోర్డు జంపుల మీదికి ఎక్కారు. మైక్ డగ్లస్, జేపీ ఓక్లేర్, జేఎఫ్ క్యూసన్, విన్సెంట్ డోరియన్ ఆ జట్టువాళ్ళు. న్యూ కెనడియన్ ఎయిర్ ఫోర్స్ అని వాళ్ళకి పేరొచ్చింది. వాళ్ళ ఇబ్బంది చాలా సూటైనది: గాల్లో తిరిగి వెనక్కి తిరిగి దిగితే, చదునుగా తెగిన తోక మంచులో గుచ్చుకునేది. తోక కూడా లేచి ఉండే స్కీ కావాలని కంపెనీల చుట్టూ తిరిగితే చివరికి సలోమన్ ఒప్పుకుంది. 1998లో టెన్-ఎయిటీ అనే స్కీ బయటికొచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే జేసన్ లెవింథాల్ లైన్ అనే చిన్న కంపెనీ పెట్టి రెండు కొనలూ లేచిన పొట్టి స్కీలు చేయడం మొదలుపెట్టాడు. 2002లో ఓక్లేర్, క్యూసన్, టానర్ హాల్ లాంటివాళ్ళు కలిసి ఆర్మడా పెట్టారు. స్కీ చేసేవాళ్ళే స్కీ కంపెనీకి యజమానులయ్యారు. 2014లో సోచీ ఒలింపిక్స్‌లో పార్కు విన్యాసాల పోటీ అయిన స్లోప్‌స్టైల్ చేర్చేనాటికి, ఒకప్పుడు వింతగా చూసిన ఆకారం ప్రతి దుకాణంలోనూ గోడకెక్కింది.

అంటే ఈ స్కీ పుట్టిందే వెనక్కి తిరిగి దిగడానికి. కొండంతా తిరగడమన్నది తర్వాత వచ్చిన కోరిక. ఆ కోరికని ఎంతవరకు తీరుస్తుందన్నదే ఇప్పటి పరీక్ష.

ఈసారి నా ముందుకొచ్చిన ఒక జత గురించి చెబుతాను. పొడవు 178 సెంటీమీటర్లు. ముక్కు 126, నడుము 98, తోక 119 మిల్లీమీటర్లు. మలుపు వ్యాసార్ధం 18 మీటర్ల చుట్టూ. లోపల పాప్లార్ చెక్క, కాలి కింద గట్టిదనానికి యాష్ చెక్క పట్టీలు. పైనా కిందా గాజుపీచు. లోహపు రేకు లేదు. పార్కు స్కీల్లో లోహం పెట్టకపోవడానికి కారణముంది. టైటానల్ అనే అల్యూమినియం మిశ్రమం రేకు గట్టి వాలు మీద అదురు తగ్గిస్తుంది. కానీ అడ్డదిడ్డంగా దిగి స్కీ బాగా వంగిపోతే ఆ రేకు వంగిన వంపులోనే ఉండిపోతుంది. చెక్క, గాజుపీచు మళ్ళీ లేస్తాయి.

కొండెక్కే ముందు సగం సంగతులు బెంచి మీదే తెలుస్తాయి. రెండు స్కీల అడుగులూ ఒకదానికొకటి ఆనించి పట్టుకుంటే నడుము దగ్గర సందు కనపడుతుంది. అది కాంబర్. నడుము దగ్గర నొక్కితే ఆ సందు మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. గట్టి మంచు మీద ముక్కు నుంచి తోక దాకా అంచు పట్టుకునేది ఆ ఒత్తిడి వల్లే. జంపు అంచున ఎగరేసేది కూడా అదే. ముక్కు దగ్గర, తోక దగ్గర స్కీలు ముందే విడిపోయి పైకి లేస్తే అది రాకర్. 2002లో షేన్ మెకాంకీ ఆలోచనతో వోలాంట్ కంపెనీ స్పాచులా చేసి, మెత్తటి మంచులో ముక్కు పైకి తేలాలంటే వంపు తిరగబడాలని చూపించింది. ఇప్పటి ట్విన్-టిప్పుల్లో రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం. ఈ జతలో కాంబర్ బాగా చిన్నది, కాలి కిందికి కాస్త అటూ ఇటూ మాత్రమే. రాకర్ పొడుగ్గా ఉంది. అంటే 178 అని రాసి ఉన్నా గట్టి మంచు మీద అంచు తగిలేది అంతకంటే చాలా తక్కువ పొడవు. మామూలుగా 172 వేసుకునే మనిషి దీన్ని 178లో తీసుకోవాలి. పొట్టిది కావాలని అడిగేవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పాల్సి వస్తుంది.

తర్వాత చేత్తో వంచి చూస్తాను. తోక నేలమీద ఆనించి, ముక్కు ఒక చేత్తో పట్టుకుని, నడుము మీద రెండో అరచెయ్యి వేసి నొక్కుతాను. ముక్కు ఎక్కడ వంగడం మొదలుపెడుతుంది, వంపు కాలి కిందికి సాఫీగా వస్తుందా, లేక ఒకచోట మడత పడ్డట్టు ఆగుతుందా అని చూస్తాను. ఇది మెత్తటి ముక్కు, కాస్త గట్టి తోక. కాలి కింద బాగా గట్టి. ఈ పొందిక నాకిష్టం. జంపు మీంచి కాస్త వెనక్కి వాలి దిగినా తోక కూలబడదు. ముక్కు మీద ఒరిగి తిరగాలంటే, అదే బటరింగ్, పెద్ద బలమూ అక్కర్లేదు.

అంచుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మామూలు స్కీలకి ఉక్కు అంచు మందం 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పార్కుకి చేసినవాటికి 2.5 దాకా వేస్తారు. రెయిల్ అంటే ఉక్కు మీద ఉక్కు. కాలి కింది అంచు ప్రతిసారీ దెబ్బ తింటుంది, వేడెక్కుతుంది, సన్నటి పగుళ్ళిస్తుంది. సన్నటి పగులు పెద్ద ప్రమాదం కాదు. అంచు లోపలి నుంచి ఊడి, ఆ సందులోంచి నీళ్ళు చెక్కకి తగిలితే ఆ స్కీ ఆయుష్షు అయిపోయినట్టే. అడుగు సింటర్డ్ రకమా, ఎక్స్‌ట్రూడెడ్ రకమా అన్నది కూడా అడుగుతాను. మొదటిది మైనం పీల్చుకుంటుంది, వేగంగా జారుతుంది, కానీ ఎప్పటికప్పుడు మైనం పట్టాలి. రెండోది నెమ్మది, కానీ గీత పడితే ఇట్టే పూడ్చొచ్చు. మైనం జోలికే పోని పిల్లవాడికి రెండోదే మేలని నా అభిప్రాయం. అమ్మకం మాటల్లో మొదటిదాన్నే గొప్పగా చెబుతారు.

ఇక బైండింగు ఎక్కడ బిగించాలన్నది. నా దృష్టిలో ట్విన్-టిప్పులో సగం స్కీ ఇదే. ఇక్కడే దుకాణాల్లో తొందర ఎక్కువ.

స్కీ పొడవుకి సరిగ్గా నట్టనడుమ ఒక బిందువు ఉంటుంది. బూటు మధ్య గీత ఆ బిందువు మీద కూర్చుంటే దాన్ని సెంటర్ మౌంట్ అంటారు. అక్కణ్ణించి వెనక్కి వెళ్ళే కొద్దీ మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ అయిదు అని సెంటీమీటర్లలో లెక్క. పార్కులో మునిగి తేలేవాళ్ళు సున్నా నుంచి మైనస్ మూడు దాకా పెట్టించుకుంటారు. కొండంతా తిరిగే ట్విన్-టిప్పులకి మైనస్ నాలుగు నుంచి ఏడు దాకా. ముందుకే జారే స్కీలకి ఇంకా వెనక్కి, పది దాటి కూడా పోతుంది. ముందుకి జరిపితే వెనక తోక పొడవు పెరుగుతుంది, గాల్లో రెండు వైపులా బరువు సమానంగా తిరుగుతుంది, వెనక్కి దిగినప్పుడు ఆసరా దొరుకుతుంది. దానికి మూల్యం కూడా ఉంది. కాళ్ళ ముందు స్కీ తగ్గిపోతుంది. లోతైన మంచులో ముక్కు మునుగుతుంది. చిందరవందర మంచులోకి వేగంగా వెళితే ఏదో గడ్డకి తగిలి ఒళ్ళంతా ముందుకి తూలుతుంది. మృదంగం మూతలకి శ్రుతి పెట్టినట్టు రెండు వైపులా బిగువు చూసుకుంటూ ఒక చోటికి రావాలి.

టెస్టు జతల మీద అటూ ఇటూ జరపగలిగే డెమో బైండింగు ఉంటుంది. పట్టాల మీద ముందు భాగం, మడమ భాగం రెండూ జరుగుతాయి. అందుకని ఏ ట్విన్-టిప్పునీ ఒక్క గీత మీద చూసి తీర్పు చెప్పను. కంపెనీ గీసిన గీత మీద, రెండు సెంటీమీటర్లు ముందుకి, రెండు వెనక్కి, మూడు చోట్లా దిగి చూస్తాను. డెమో బైండింగు బరువెక్కువ, ఎత్తు కూడా ఎక్కువ. గాల్లో తిరిగేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది, ఆ మేరకు తీసివేసి లెక్కపెట్టాలి.

కొండ మీద మేం ఎక్కువగా వెళ్ళేది కాపర్ మౌంటెన్‌కి. ఆ కొండ వాలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వెళ్ళే కొద్దీ నిటారవుతుంది. పడమటి కొసన నేర్చుకునేవాళ్ళు, తూర్పు కొసన నిటారు మొగల్స్. పార్కులు కూడా ఆ కొండ మీదే ఉన్నాయి, ఉడ్‌వర్డ్ పేరు మీద. ఒకే రోజులో ఒకే జతని అన్నిటి మీదికీ తీసుకెళ్ళొచ్చు. కింద లిఫ్టు దగ్గరే ఎత్తు 9,700 అడుగుల పైన, పైన పన్నెండు వేలు దాటుతుంది. ఇక్కడి మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుంది. నా అభిప్రాయాలన్నీ ఈ మంచు మీద ఏర్పడ్డవే. వెర్మాంట్‌లో అద్దంలా గడ్డకట్టిన వాలు మీద స్కీ చేసేవాడికి ఇంకా సన్నటి నడుము కావాలి. వాషింగ్టన్ రాష్ట్రపు తడి బరువు మంచులోనైతే ఇంత మెత్తటి ముక్కు నేను సిఫారసు చేయను.

పొద్దున దువ్విన దారి మీద మొదలు. అంచు మీద ఒరిగి పెద్ద మలుపులు, చిన్న మలుపులు. ఈ జత మలుపులోకి సులువుగా దిగింది. మలుపు చివరలో తోక కాస్త ముందుగానే వదిలేసింది. ట్విన్-టిప్పు కాబట్టి ఇది సహజమే, లేచిన తోక అంచు పట్టదు. నేను చూసేది ఎలా వదిలింది అన్నది. మెల్లగా అరిగినట్టు జారింది, ఉన్నట్టుండి ఊడలేదు. నేను వెతికే కబురు అదే. వేగం పెంచితే ముక్కులు పటపటా కొట్టుకోవడం కనిపించింది. చూడటానికి కంగారుగా ఉంటుంది కానీ కాలి కింద కాంబర్ పట్టు సడలనంతవరకు ఆ చప్పుడుని నేను పట్టించుకోను. కంటికి కదిలేదీ కాలికి కదిలేదీ వేరు. కొత్తగా టెస్టుకొచ్చే పిల్లలకి నేను మొదట నేర్పేది ఈ తేడానే.

మొగల్స్‌లో ఈ జత నన్ను సంతోషపెట్టింది. మెత్తటి ముక్కు దిమ్మ వంపుకి వంగి పైకి ఎక్కింది. లేచిన తోక దిమ్మల సందులో ఇరుక్కోలేదు. ట్విన్-టిప్పు పార్కు పిల్లలకే అనుకునేవాళ్ళు ఒక్కసారి దీన్ని కాపర్‌లో రిసల్యూషన్ వైపు మొగల్స్‌లో వేసుకోవాలి. మోకాళ్ళు అలిసిన నడివయసు వాళ్ళకి కూడా ఇది మేలు చేస్తుంది, ఎందుకంటే పొరపాటు బరువుని క్షమిస్తుంది.

పార్కులో చిన్న జంపులతో మొదలుపెట్టి మధ్యరకం దాకా వెళతాను, పెద్దవి మా దుకాణంలో ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళకి వదిలేస్తాను. వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ చూపు అందుకు తగ్గవి. జంపుకి నాలుగు చోట్లుంటాయి: ఎగిరే అంచు, మధ్య బల్ల, బల్ల ముగిసే మూపు, దిగే వాలు. వేగం చాలక మూపు మీద పడితే దెబ్బంతా స్కీ మీదా మోకాళ్ళ మీదా పడుతుంది. దాన్ని స్కీ ఎలా మింగిందో చూడాలి. ఎగిరే అంచు దగ్గర ఈ జత చురుగ్గా తన్నింది. కంపెనీ గీత మైనస్ అయిదు. అక్కడ వెనక్కి తిరిగి దిగితే తోక పొడవు చాలలేదని ముగ్గురం ఒకరికొకరు చెప్పుకోకుండానే రాశాం. రెండు సెంటీమీటర్లు ముందుకి జరపగానే వెనక్కి దిగడం హాయిగా మారింది, దువ్విన దారి మీద పోయింది స్వల్పం. సున్నా దగ్గరికి తెస్తే మధ్యాహ్నపు మంచులో ముక్కు గడ్డలకి తగిలి నన్ను ముందుకి విసరడం మొదలుపెట్టింది. కాబట్టి ఈ స్కీ చోటు మైనస్ మూడు.

ఒకరికొకరు చెప్పుకోకుండా అన్నాను. అది మా కట్టుబాటు. చెయిర్‌లిఫ్టులో కూర్చున్నప్పుడు ఎవరూ స్కీ గురించి మాట్లాడరాదు. కార్డు రాశాకే మాట. లేకపోతే పెద్దగా ఉండే ఒక గొంతు మిగతావాళ్ళ కాళ్ళకి తెలిసినదాన్ని తుడిచేస్తుంది. ప్రతి కార్డు మీదా మనిషి బరువు, ఎత్తు, ఆ రోజు మంచు, గంట రాస్తాం. నా బరువు 65 కిలోలు. నా కాళ్ళకి గట్టిగా తోచిన తోక 90 కిలోల మనిషికి మెత్తన. మా దుకాణంలో ఒకావిడ పదిహేనేళ్ళుగా మొగల్స్ నేర్పుతోంది, ఆవిడ కార్డు వస్తే గాని నేను పొడవుల ఆర్డరు రాయను. ఈ స్కీ ఆవిడకి 171లో నచ్చింది, 178లో బరువనిపించింది. కంపెనీ కాగితాల్లో ఆ రెండిటి తేడా గ్రాముల్లో ఉంటుంది. ఆవిడ కార్డులో 'మధ్యాహ్నం మూడు దాటాక తిరగమంటే ఆలోచించి తిరిగింది' అని ఉంది. నాకు ఆవిడ మాటే పనికొచ్చింది.

మధ్యాహ్నం మూడు నేను ఎవరికీ వదిలిపెట్టని గంట. పొద్దున ప్రతి స్కీ బాగుంటుంది. మూడింటికి దారి మధ్యలో మంచు కుప్పలు పడి ఉంటాయి, పక్కన గట్టి నేల తేలి ఉంటుంది, కాళ్ళలో సత్తువ సగం పోయి ఉంటుంది, నీడ పడి చూపు ఆనదు. కొనుక్కున్నవాడు ఇంటికి దిగేది ఆ గంటలోనే, దెబ్బలు ఎక్కువగా తగిలేదీ అప్పుడే. ఆ గంటలో ఈ జత నా వేగం మీద కుదురుగా ఉంది. 90 కిలోల సహోద్యోగి వేగం మీద కుదురు తప్పింది. అతను అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ స్కీ ఎవరిదో తెలుస్తుంది.

వారాంతాల్లో డెన్వర్, అరోరా, హైలాండ్స్ రాంచ్ వైపు నుంచి తెలుగు కుటుంబాలు చాలా వస్తాయి. పిల్లలు ఇక్కడే పుట్టి, బడి స్నేహితులతో కలిసి పార్కుల్లో తిరిగేవాళ్ళు. తల్లిదండ్రులు ముప్ఫయ్యేళ్ళు దాటాక మంచు తొక్కినవాళ్ళు. ఓ శనివారం ఇలాగే ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. బోర్డు మీద నా పేరు చూసి తండ్రి నేరుగా తెలుగులోనే మొదలుపెట్టాడు.

"తమ్ముడూ, వీడికి ఒక్క జతే కొంటాను. పార్కంటాడు, ఎగురుతానంటాడు. నాతో పైదాకా కూడా రావాలి గదా! రెండిటికీ పనికొచ్చేది చెప్పు."

కుర్రాడు అప్పటికే మనసులో నిశ్చయించుకుని వచ్చాడు. "అన్నా, సెంటర్ మౌంట్ చెయ్యండి. మా ఫ్రెండ్స్ అందరివీ సెంటరే."

"రోజులో పార్కులో ఎంతసేపుంటావు?"

"సగం. సగం కంటే ఎక్కువే."

"మిగతా సగం?"

"డాడీతో."

తండ్రి ముఖంలో అది వినగానే వచ్చిన వెలుగు నేను చూశాను. ఆ కుర్రాడికి మైనస్ మూడు కావాలని నాకు లోపల తెలుసు. కానీ నేను చెబితే వినాల్సిన పని వాడికి లేదు. డెమో జత ఇచ్చాను. పొద్దున సున్నా మీద పెట్టి పంపాను, మధ్యాహ్నం వచ్చి మైనస్ మూడుకి మార్పించుకుని వెళ్ళమన్నాను. సాయంత్రం వచ్చి కాసేపు ఆలోచించి, "మైనస్ టూ పెట్టండి అన్నా" అన్నాడు. "త్రీలో డాడీ వెనకాల రావడం ఈజీగా ఉంది. కానీ స్విచ్ ల్యాండింగ్ జీరోలోనే బాగుంది." వాడు తన కాళ్ళతో తేల్చుకున్న లెక్క అది. నేను ఒక్క సెంటీమీటరు వెనక్కి పెట్టేవాణ్ణి. వాడి లెక్క ప్రకారమే బిగించాను.

బిగించడమంటే తొందరపడే పని కాదు. బూటు అడుగు పొడవు కొలిచి, రంధ్రాల చోటు చూపే జిగ్ పెట్టి, లోహం లేని స్కీ కాబట్టి 3.6 మిల్లీమీటర్ల బిట్టుతో 9 మిల్లీమీటర్ల లోతు. లోహపు రేకున్న వాటికైతే 4.1. రంధ్రంలో జిగురు, అది లేకపోతే స్క్రూ పక్కనుంచి చెక్కలోకి తడి దిగుతుంది. ఒకసారి వేసిన రంధ్రం పక్కనే ఇంకోటి వేయలేం, కనీసం సెంటీమీటరు ఎడం ఉండాలి. అందుకే చోటు ముందే తేలాలి. ఇక వదిలే బిగువు, అదే డిన్ అంకె. కుర్రాడు ఇంకా ఎక్కువ పెట్టమన్నాడు, రెయిల్ మీద ఊడిపోతోందని. ఆ అంకె బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు చూసి పట్టిక ప్రకారం వస్తుంది. దాన్ని అడిగిన వెంటనే పెంచను. ఊడిపోవడానికి చాలాసార్లు కారణం అంకె కాదు, మడమ భాగం బూటుని ముందుకి నెట్టే ఒత్తిడి సరిగా లేకపోవడం. అతని పాత జతలో అదే జరిగింది. అది సరిచేసి చూపించాక ఒప్పుకున్నాడు. తండ్రి ఫారం మీద సంతకం పెడుతూ ప్రతి గడీ చదివాడు. అలా చదివే తండ్రులంటే నాకు గౌరవం.

కాలి కింది అంచుల వాడి కూడా కొంత తగ్గించాను, రెయిల్ మీద పట్టేసి పడేయకుండా. ముక్కు, తోక వైపు అంచుల్ని, కొండంతా తిరగాలి కాబట్టి, అడుగు వైపు ఒక డిగ్రీ, పక్క వైపు రెండు డిగ్రీలు అలాగే ఉంచాను. పార్కు పిల్లలు కొందరు అంచంతా గుండ్రంగా అరగదీసుకుంటారు. అలా చేసిన జతతో గట్టి వాలు మీదికి వెళ్ళడం నాకు ఏ మాత్రం ఇష్టముండదు. తండ్రితో పైదాకా వెళ్ళే కుర్రాడికి అది అసలు చేయను.

ఒక్క సంగతి మాత్రం ఏ టెస్టు రోజూ చెప్పలేదు: ఎన్నాళ్ళు మన్నుతుంది. నాలుగు వారాలు వాడిన డెమో జత కూడా చెప్పలేదు. అందుకే ఏప్రిల్‌లో లిఫ్టులు మూసేముందు స్థానిక కుర్రాళ్ళు ట్యూనింగుకి తెచ్చే పాత జతలు జాగ్రత్తగా చూస్తాను. కాలి కింద ఎన్ని పగుళ్ళు, పక్క గోడ ఎక్కడ విడిపోయింది, పై పొర ముక్కు దగ్గర ఎలా చిట్లింది. పోయినేటి మోడల్ లోపలి నిర్మాణం ఈ ఏటిదాంతో ఒకటేనా, బొమ్మ మాత్రమే మారిందా అని కంపెనీ ప్రతినిధిని అడిగి రాసుకుంటాను. చాలాసార్లు బొమ్మే మారుతుంది. అప్పుడు పాత జతలో కనిపించింది కొత్తదానికీ వర్తిస్తుంది. ఈ స్కీకి అలాంటి పాత జత లేదు, నిర్మాణమే కొత్తది.

అందుకని ఆర్డరు ఇలా రాశాను. 171లో ఎక్కువ, 178లో దాదాపు అంతే. 185లో రెండు జతలు మాత్రం, అవి కూడా బరువైన మనుషులకి మధ్యాహ్నం మూడింటి సంగతి చెప్పి అమ్మాలని పక్కన రాసి. మా దుకాణంలో బిగించే ప్రతి జతకీ మైనస్ మూడు దగ్గర పెన్సిలు గీత పెట్టి, కొనేవాడు అక్కడి నుంచి ఎటు జరపాలో అడగాలని వర్క్‌షాపులో అందరికీ చెప్పాను. డెమోకి మూడు జతలు. వాటిని ఏప్రిల్‌లో బెంచి మీద పెట్టి అంచులు చూసుకున్నాకే రెండో ఏడాది మాట.